కొత్త అకౌస్టిక్ గిటారు చేయిస్తున్నా, ఆప్షన్ల లిస్టు చూసి తల తిరుగుతోంది, ఏవి ఉంచాలి ఏవి కొట్టేయాలి?

రాయగడ_గిటారు:

అందరికీ నమస్తే అండి. మాది రాయగడ. ఆరేళ్ళ నుంచి ఒకే గిటారు వాయిస్తున్నా, వైజాగ్‌లో కొన్న ప్లై డ్రెడ్‌నాట్, అంటే ప్లైవుడ్‌తో చేసిన పెద్ద బాడీది, ఫొటోల్లో నాకంటే అదే పెద్దగా కనపడుద్ది. ఆదివారం చర్చిలో వాయిస్తా, మిగతా రోజులు డ్యూటీ అయ్యాక రాత్రిపూట ఇంట్లో ఓ గంట. ఇప్పుడు కొత్తది తీసుకుందాం అనుకుంటే ఫ్రెండ్ ఒకడు గిటార్లు చేత్తో చేసే ఆయన నంబర్ ఇచ్చాడు, పేరు వద్దులెండి, ఆయన వాట్సాప్‌లో ఆప్షన్ల లిస్టు పెట్టాడు చూడండీ, పెళ్ళి సామాన్ల చీటీ కూడా అంత ఉండదు.

కటవే (మెడ పక్కన చెయ్యి కిందకి పోవడానికి బాడీకి పెట్టే కోత) కావాలా, పికప్ ప్రీయాంప్ (స్పీకర్‌కి కలిపే సామాను) కావాలా, అందులో శృతి చూపే ట్యూనర్ ఉన్నదా లేనిదా, టాప్ అంటే ముందు చెక్క సాలిడ్ స్ప్రూసా ప్లైయా, వెనకాలా పక్కలూ మహోగనీయా రోజ్‌వుడ్డా, నట్టూ సాడిలూ (తీగలు ఆనే పట్టీలు, మెడ చివర్న నట్టు, బాడీ మీద సాడిల్) ఎముకవా ప్లాస్టిక్‌వా, నట్టు వెడల్పు 43 మిల్లీమీటర్లా 44.5ఆ, స్కేలు అంటే మోగే తీగ పొడవు, పొడుగా పొట్టా, మోచెయ్యి ఆనే చోట అంచు చెక్కి నున్నగా చెయ్యాలా, పక్కన ఇంకో సౌండ్ హోల్ పెట్టాలా, పాలిష్ మెరిసేదా మ్యాటా, శృతి చేసే కీలు బంగారు రంగువి, పన్నెండో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే మెట్టు) దగ్గర ముత్యపు చిప్పతో పేరు... ఇలా టిక్ పెట్టుకుంటూ పోతే 16 వేలు బేస్ రేటు కాస్తా 37 వేలకి తేలింది. నా బడ్జెట్ 22, లాగితే 24. మా ఆవిడ లిస్టు చూసి గిటారు కొంటున్నావా బండి కొంటున్నావా అంది.

నావి చిన్న వేళ్ళు. ఎఫ్ మేజర్ కార్డు (ఒక వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కి పట్టేది) ఆరేళ్ళయినా సరిగ్గా మోగదు, ఏదో ఒక తీగ చచ్చిపోయినట్టు టక్కుమంటుంది. ఇంకో సంగతి, మా పాపకి తొమ్మిదేళ్ళు, ఎడమచేతి వాటం, నా గిటారు తిరగేసి పట్టుకుని వాయిస్తూ ఉంటది. తనకీ పనికొచ్చేలా తీగలు ఇటువి అటు మార్చుకునే టైపులో చేయిస్తే ఎలా ఉంటుందంటారు? తెలిసినవాళ్ళు చెప్పండి, శనివారం లోపల అడ్వాన్స్ పంపాలి.

బరంపురం_ఆర్కెస్ట్రా:

తమ్ముడూ ముందు ఆ లిస్టుని రెండు ముక్కలుగా చింపు. పికప్, కీలు లాంటి తర్వాత ఎప్పుడైనా పెట్టించుకోగలిగేవి ఒక ముక్క, చెక్క కోసి బంక పెట్టేశాక బ్రహ్మదేవుడు దిగొచ్చినా మార్చలేనివి ఇంకో ముక్క. డబ్బులన్నీ ఆ రెండో ముక్క మీద పెట్టు. నేను పెళ్ళిళ్ళలో, దసరా పందిళ్ళలో పద్దెనిమిదేళ్ళుగా వాయిస్తున్నా, ఇప్పటికి ఐదు గిటార్లు మార్చా, మొదటి మూడింటికీ మెరుపుల మీద తగలేశా.

మార్చలేనివి అంటే టాప్ చెక్క, బాడీ సైజు, కటవే, స్కేలు, మెడ వెడల్పు. వీటిలో మొదటిది టాప్. సాలిడ్ స్ప్రూస్ అంటే ఒకే చెక్కని కోసి పుస్తకం తెరిచినట్టు రెండు రెక్కలు అతికిస్తారు, ప్లై అంటే పల్చటి పొరలు అడ్డంగా నిలువుగా అంటించింది, అది బిగుసుకుని ఉంటది కాబట్టి అంత ఊగదు, గిటారు గొంతులో ముప్పాతిక భాగం ఆ ఊపే. సాలిడ్ అని చెప్పి ప్లై అంటగట్టేవాళ్ళు ఉన్నారు కాబట్టి గిటారు చేతికి రాగానే సౌండ్ హోల్ అంచు దగ్గర మొబైల్ టార్చ్ వేసి చూడు. పైన కనిపించే సన్నటి గీతలు ఉంటాయి కదా, అవి అంచు మీదకి వంగి అదే వరసలో కిందకి దిగితే సాలిడ్. అంచులో శాండ్‌విచ్ లాగా మూడు పొరలు కనపడితే ప్లై. అంచుకి నల్ల రంగు దట్టంగా పూసేసి ఉంటే ఎందుకు పూశావయ్యా అని అడుగు.

కటవే నువ్వు చర్చి పాటలకి కాపో (మెడ మీద తీగలన్నీ నొక్కిపెట్టే క్లిప్పు) పెట్టి ఓపెన్ కార్డ్స్ వాయించేవాడివైతే అక్కర్లేదు. పద్నాలుగో ఫ్రెట్ దాటి చెయ్యి ఎన్నిసార్లు వెళ్ళింది ఈ ఆరేళ్ళలో? సోలోలు వాయించేవాళ్ళకి కావాలి, నాకు కావాలి, నీకు అందం కోసం. వెనకా పక్కలకి మహోగనీ చాలు, రోజ్‌వుడ్ అంటే మన ఇరుగుడు కర్రే, బాగుంటుంది, బేస్ నిండుగా ఉంటుంది, కానీ టాప్ ప్లై పెట్టి పక్కలకి రోజ్‌వుడ్ పెట్టడం అంటే పంచె చిరిగింది గానీ కండువా పట్టుదే అన్నట్టు ఉంటది.

బాడీ సైజు గురించి నువ్వు అడగలేదు గానీ నీ కష్టం అక్కడే ఉంది. డ్రెడ్‌నాట్ అనేది అసలు బ్రిటిష్ యుద్ధనౌక పేరు, 1916లో మార్టిన్ కంపెనీ వాళ్ళు చేసిన పెద్ద గిటారుకి ఆ పేరు పెట్టారు, పేరుకి తగ్గట్టే పడవ అది. మైకులు లేని కాలంలో గట్టిగా వినపడ్డానికి పెద్దది కావాలి. చిన్న వేళ్ళు, చిన్న మనిషి, రాత్రిపూట ఇంట్లో గంట, నీకెందుకయ్యా పడవ? నడుము సన్నగా ఉండే చిన్న బాడీ అడుగు, కన్సర్ట్ సైజు అంటారు, భుజం నొప్పి కూడా పోద్ది.

జైపూర్_ఆదివారం:

బరంపురం అన్న చెప్పినదానికి చాలావరకు ఓకే గానీ పికప్ తర్వాత పెట్టించుకోవచ్చులే అనే మాట మాత్రం నేను ఒప్పుకోను. ఈయన చర్చిలో వాయిస్తా అంటున్నాడు. గిటారు ముందు మైకు పెడితే ఏమవుద్దో చర్చిలో వాయించేవాళ్ళందరికీ తెలుసు, కీబోర్డు వాడు వాల్యూమ్ పెంచుతాడు, డ్రమ్స్ వాడు పెంచుతాడు, మనం పెంచితే కుయ్యిమంటుంది, పాస్టర్ గారు వెనక్కి తిరిగి చూస్తారు.

కాబట్టి పికప్ పెట్టించండి. కానీ పక్కన చతురస్రంగా చెక్క కోసేసి నాబ్‌లూ ట్యూనర్ లైటూ పెట్టే ప్రీయాంప్ మాత్రం వద్దు. అది పాడైతే అదే సైజు ముక్క మళ్ళీ దొరకదు, గిటారుకి డొక్కలో కిటికీ మిగులుద్ది. సాడిల్ కింద తీగల ఊపుని పట్టే పల్చటి పియెజో పట్టీ, సౌండ్ హోల్ అంచు లోపల చిన్న వాల్యూమ్ నాబ్, కింద స్ట్రాప్ పిన్ను ఉండే చోటే జాక్. బయటికి ఏమీ కనపడదు. ట్యూనర్ కోసం తలకి తగిలించే క్లిప్పు ఉంటే సరిపోతుంది.

ఒక్క జాగ్రత్త, నా అనుభవం ఇది. ఈ యాక్టివ్ పికప్‌లకి స్విచ్ ఉండదు, కేబుల్ పిన్ను జాక్‌లో దూర్చగానే కరెంటు ఆన్ అవుద్ది. నేను శనివారం ప్రాక్టీస్ అయ్యాక కేబుల్ అలాగే ఉంచి ఇంటికి వెళ్ళిపోయా, రాత్రంతా 9 ఓల్ట్ బ్యాటరీ తాగేసింది, తెల్లారి ఆరాధనలో రెండో పాట సగంలో ముందు గరగరమంది, తర్వాత మూగబోయింది. ఖాళీగా చెయ్యి ఊపుతూ నిలబడ్డా నాలుగు నిమిషాలు. అప్పట్నుంచి బ్యాగ్ జేబులో ఎప్పుడూ ఒక బ్యాటరీ.

కొట్టేయాల్సినవి అంటే పక్కన రెండో సౌండ్ హోల్. అది వాయించేవాడి చెవికి వినపడ్డానికి, ఇంట్లో బాగానే ఉంటది, నాలా స్పీకర్ల మధ్య నిలబడేవాడికి కుయ్యిమనే దారి ఇంకోటి తెరిచినట్టే. బంగారు కీలు సంగతి చెప్పక్కర్లేదు.

విశాఖ_రిటర్న్:

బంగారు కీలు పెడితే శృతి బంగారంలా ఉంటుందని ఎవరన్నా హామీ ఇచ్చారా 😄 కీలు కొనేటప్పుడు రంగు కాదు రేషియో చూడాలి బాస్. 14:1 కన్నా 18:1 అయితే కీ పద్దెనిమిది చుట్లు తిప్పితే తీగ చుట్టుకునే పోస్టు ఒక చుట్టు తిరుగుద్ది, సన్నగా ట్యూన్ చేసుకోవచ్చు. అవి కూడా తర్వాత స్క్రూడ్రైవర్‌తో మార్చుకునేవే.

ఇంకో మాట. మొదటిసారి తెలియని మనిషికి అడ్వాన్స్ పంపే బదులు యమహా ఎఫ్‌ఎస్800 ఒకసారి షాపులో వాయించి చూడండి, చిన్న బాడీ, సాలిడ్ స్ప్రూస్ టాప్. చేత్తో చేసినది అనేసరికి మనం కరిగిపోతాం గానీ చేతులందరివీ ఒకటి కాదు.

పర్లాకిమిడి_చెక్కపొడి:

నేను చివర్లో వచ్చా గానీ, ఎఫ్ మేజర్ గురించి ఎవరూ మాట్లాడలేదేటండీ బాబూ? అతని అసలు బాధ అది కదా!

అన్నా, చిన్న వేళ్ళకీ ఎఫ్ మోగకపోవడానికీ సంబంధం తక్కువ. ఇప్పుడే నీ పాత గిటారు తియ్యి. లావు తీగని మూడో ఫ్రెట్ దగ్గర వేలితో నొక్కి పట్టుకో, అలా పట్టుకుని మొదటి ఫ్రెట్ మీద ఆ తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూడు. పల్చటి కాయితం దూరేంత ఉండాలి, అంతే. నువ్వు చూస్తే అందులో ఏటీఎం కార్డు దూరుద్ది అని నా పందెం. నట్టులో గాట్లు లోతుగా తియ్యకుండా ఫ్యాక్టరీ నుంచి అలాగే వదిలేస్తారు, ఎఫ్ పట్టేది సరిగ్గా ఆ మొదటి ఫ్రెట్ దగ్గరే, అక్కడ తీగ ఎత్తులో ఉంటే పహిల్వాన్ నొక్కినా టక్కుమంటది.

తర్వాత పన్నెండో ఫ్రెట్ దగ్గర ఎత్తు కొలువు. లావు తీగ కింద రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగ కింద రెండు ఉంటే సుఖంగా ఉంటుంది. మూడున్నర ఉందనుకో, సాడిల్ తియ్యాలి. లెక్క గుర్తుపెట్టుకో, పన్నెండు దగ్గర అర మిల్లీమీటరు తగ్గాలంటే సాడిల్ అడుగున ఒక మిల్లీమీటరు అరగదియ్యాలి, రెట్టింపు, ఎందుకంటే పన్నెండో ఫ్రెట్ తీగకి సరిగ్గా మధ్యలో ఉంటది. పెన్సిల్‌తో గీత గీసుకుని, గాజు పలక మీద గరుకు కాయితం పరిచి, సాడిల్‌ని నిలువుగా పట్టుకుని అడుగు భాగం రుద్దాలి, పైభాగం ముట్టుకోకూడదు. నేను మొదటిసారి చేతిలో పట్టుకుని గాల్లో ఆకురాయితో గీకేశా, అడుగు వంకరపోయింది, మామూలుగా అయితే తెలిసేది కాదు గానీ నాది సాడిల్ కింద పియెజో పట్టీ ఉన్న గిటారు, యాంప్‌లో పెడితే రెండో తీగ, మూడో తీగ వినపడటం మానేశాయి. ఆ పట్టీకి సాడిల్ అడుగు ఆరు తీగల కిందా సమానంగా ఆనితేనే అన్నీ ఒక్కలా పలుకుతాయి. జైపూర్ అన్న చెప్పిన పికప్ పెట్టించుకుంటే ఇది మర్చిపోవద్దు.

తర్వాత కొత్త సాడిల్ చేయించా. మా ఊర్లో కొమ్ము పని చేసేవాళ్ళు ఉన్నారు కదా, గేదె కొమ్ముతో కొంగలూ రొయ్యలూ చేస్తారు, వాళ్ళలో ఒకాయన దగ్గరికి పాత ప్లాస్టిక్ ముక్క పట్టుకెళ్ళి ఇలాంటిదే కొమ్ముతో చెయ్యమన్నా. ఆయన ముక్కని గోరుతో గీకి చూసి, కొమ్ము మెత్తన బాబూ, తీగ కోసేస్తది, ఎముకయితేనే నిలబడుద్ది అన్నాడు. గిటారు ఎప్పుడూ ముట్టుకోని మనిషి! ఎముకతోనే చేసిచ్చాడు, టీ డబ్బులు మించి తీసుకోలేదు. అందుకని మీ లిస్టులో ఎముక నట్టూ సాడిలూ అన్నదానికి గిటారు చేసే ఆయన వేలకి వేలు అడిగితే కొట్టేయండి, ఆ డబ్బుతో సెటప్ (తీగల ఎత్తు సరిచెయ్యడం) మాత్రం రాసి ఇమ్మనండి, పన్నెండు దగ్గర ఇంత, ఒకటి దగ్గర ఇంత అని. లిస్టులో సెటప్ అనే ఆప్షనే లేకపోవడం నాకు అన్నిటికన్నా అనుమానంగా ఉంది.

తీగలు కూడా 12 సైజు కాదు, కొంచెం సన్నవి, 11 సైజు వేయించు.

సిరోంచ_పోరడు:

అన్నలకు నమస్తే, నేను మహారాష్ట్ర దిక్కు, సిరోంచ, ప్రాణహిత ఒడ్డు. మీరంత సాలిడ్ టాప్ సాలిడ్ టాప్ అంటున్నరు గని గిటారు యాడ పెడతరు, ఎట్ల పెడతరు అది చెప్పుండ్రి. మా దిక్కు ఎండాకాలం గాలి అంటుకుంటది, మా ఇల్లు రేకుల ఇల్లు, నేను పోయిన ఏడాది సాలిడ్ టాప్ గిటారు గోడకు తగిలేసి లగ్గానికి పోయిన, నాలుగు రోజులు. వచ్చి చూస్తే బ్రిడ్జి (బాడీ మీద తీగలు కట్టే చెక్క) వెనక అంచు లేచింది, విజిటింగ్ కార్డు దూరేంత సందు. పన్నెండు సైజు తీగలు ఆరూ కలిస్తే డెబ్బై కిలోల పైన గుంజుతయి, బంక మెత్తవడ్డది అంటే ఇగ ఏం ఆగుతది. రిపేరుకు ఇచ్చినకాడ వాడు బంక పూసి క్లాంప్ పెట్టకుండనే పంపిండు, మళ్ళ లేచింది, గది వేరే కథ.

ప్లై గిటారు గంత ఖరాబు గాదు. మా అన్నది ప్లైదే, పదేండ్ల సంది ట్రాక్టర్ల తిరుగుతది, ఏం గాలే. సాలిడ్ తీసుకుంటే గట్టి కేసు గుడ తీసుకో, లిస్టుల గది ఉన్నదా? ఎండల కార్ల మాత్రం పెట్టకు. గాలిల తేమ 45 నుంచి 55 శాతం ఉంటె సాలిడ్ చెక్కకు మంచిగుంటది అంటరు, చిన్న మీటరు దొరుకుతది, కేసుల పెట్టుకో. మీ రాయగడల వానాకాలం ఉబ్బుతది, మా దగ్గర ఎండకు పగులుతది, గంతే తేడా.

గుణుపూర్_వీణ:

నేను వీణ నేర్చుకున్నదాన్ని, గిటారు తర్వాత వచ్చింది, కాబట్టి కొంచెం పక్కదారి పడితే ఏమీ అనుకోకండి. మా వీణ బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేయించాం, మా నాన్నగారితో నేనూ వెళ్ళా. పనస దుంగని ఒకే ముక్కగా తొలుస్తారు అక్కడ. నేను నెమలి కావాలి, ఇక్కడ పువ్వు కావాలి అని అడుగుతుంటే ఆ పెద్దాయన అన్నిటికీ సరే సరే అన్నారు గానీ మేళం కట్టే రోజు, అంటే మైనంలో మెట్లు కూర్చే రోజు, మమ్మల్ని ఇంకెవరితోనూ మాట్లాడనివ్వలేదు, ఒక్కో మెట్టూ జరిపి జరిపి మీటి మీటి చూశారు. నెమలికి ఒక పూట, మెట్లకి రెండు రోజులు. పర్లాకిమిడి తమ్ముడు సెటప్ అంటుంటే అదే గుర్తొచ్చింది.

పాప విషయం. దయచేసి ఒకే గిటారుని ఇద్దరికీ అని అనుకోవద్దు. గిటారు బ్రిడ్జి జాగ్రత్తగా చూడండి, సాడిల్ తిన్నగా ఉండదు, ఏటవాలుగా ఉంటుంది, లావు తీగ వైపు కొంచెం వెనక్కి. లావు తీగని నొక్కితే శృతి ఎక్కువ పైకి పోతుంది కాబట్టి దానికి పొడుగు కాస్త ఎక్కువ ఇస్తారు. తీగలు తిరగేస్తే ఆ వాలు ఉల్టా అయిపోతుంది, ఓపెన్‌లో శృతి కుదిరినట్టే ఉండి పై ఫ్రెట్లకి పోయేకొద్దీ అపస్వరం. నట్టులో గాట్లు కూడా ఒక్కో తీగ లావుకి తగ్గట్టు ఉంటాయి, సన్న తీగ లావు గాటులో పడితే అటూ ఇటూ జారి గీపెడుతుంది. లోపల టాప్ కింద అతికించే బద్దీలు కూడా రెండు పక్కలా ఒకలా ఉండవు. మీకొకటి, పాపకి విడిగా త్రీ ఫోర్త్ సైజులో ఎడమచేతి గిటారు. ఒక్క ప్రశ్న, పాప ఇంకా కార్డ్స్ ఏమీ నేర్చుకోలేదు కదా? అయితే ఓ నెల కుడిచేతి వాటంగా కూడా పట్టుకోనిచ్చి చూడండి, బలవంతం లేకుండా. కొందరికి అలాగే హాయిగా ఉంటుంది, గిటార్లు దొరకడం కూడా తేలిక. హాయిగా లేకపోతే మాత్రం వదిలేయండి.

మార్పులు వద్దని నేను అనను. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు నాలుగు జతల తీగల మాండలిన్ పక్కన పెట్టి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించారు, గమకం పలకాలి కాబట్టి. జంట తీగలు పట్టుకుని గమకం లాగడం ఎంత కష్టమో వాయించేవాళ్ళకే తెలుస్తుంది. చేతికి అడ్డం వచ్చింది ఏమిటో తెలిసి మార్చడం అది. మీ లిస్టులో మీ చేతికి అడ్డం వచ్చేవి రెండే, పెద్ద బాడీ, ఎత్తు తీగలు. నట్టు వెడల్పు 43 చాలు. 44.5 వేళ్ళతో మీటేవాళ్ళకి బాగుంటుంది, మీరు స్ట్రమ్మింగ్ అయితే చిన్న వేళ్ళకి అనవసరంగా దూరం. స్కేలు మాత్రం పొట్టిదే తీసుకోండి, అదే శృతిలో తీగ కొంచెం వదులుగా ఉంటుంది, ఫ్రెట్లు దగ్గరవుతాయి.

రాయగడ_గిటారు:

అందరికీ చాలా థ్యాంక్స్ అండి, ఇంత రాస్తారనుకోలేదు.

పర్లాకిమిడి అన్నా, ఏటీఎం కార్డు పందెం నువ్వే గెలిచావు. కార్డు దూరింది, నిజంగా దూరింది. ఇక్కడ కీబోర్డులు బాగుచేసే ఒకతని దగ్గర సన్న ఆకురాయిలు ఉంటే నట్టు గాట్లు కొంచెం కొంచెంగా దింపించా, మధ్యమధ్యలో కాయితం పెట్టి చూసుకుంటూ. 11 సైజు తీగలు వేశా. నిన్న రాత్రి ఎఫ్ మోగింది, ఆరు తీగలూ. మా ఆవిడ వంటింట్లోంచి ఏమైంది అని వచ్చింది, నేను అరిచానంట.

దాంతో కొత్త గిటారు అంత అర్జెంటు అనిపించట్లేదు గానీ ఆశ పోలేదు 😀 గిటారు చేసే ఆయనకి ఫోన్ చేసి చిన్న బాడీ, పొట్టి స్కేలు, సాలిడ్ స్ప్రూస్, మహోగనీ, 43 నట్టు, సాడిల్ కింద పికప్, పక్కన కోత లేకుండా, గట్టి కేసు, ఇంతే అన్నా. 23,500 చెప్పాడు. సెటప్ కొలతలు రాసివ్వమంటే మొదట నసిగాడు, అందరూ పేరు చెక్కించుకుంటారు సార్, కొలతలు ఎవరూ అడగరు అన్నాడు, తర్వాత వాట్సాప్‌లో పెట్టాడు, పన్నెండు దగ్గర 2.4, 1.9. అడ్వాన్స్ సగం కాదు, పావు వంతు పంపా.

పాప కుడిచేత్తో పట్టుకోమంటే రెండు రోజులు పట్టుకుని మూడో రోజు మళ్ళీ తిరగేసింది. సరేలే, ఎడమచేతిది వెతుకుతున్నా, ఎవరి దగ్గరైనా త్రీ ఫోర్త్ సెకండ్ హ్యాండ్ ఉంటే చెప్పండి. ఆఖరి డౌట్, ఆయన స్ట్రాప్ బటన్ కింద ఒకటే ఇస్తాడంట, మెడ దగ్గరది నేనే పెట్టుకోవాలంట, ఎక్కడ పెట్టాలి?

పర్లాకిమిడి_చెక్కపొడి:

మెడ మడమ ఉంటది కదా, బాడీకి అతికే చోట, దాని కింద పక్కకి, అంటే సన్న తీగ వైపు. సరిగ్గా నడిమధ్యన పెట్టకు, కొన్నిటికి లోపల బోల్టు ఉంటది, తగులుద్ది. ఆయన్ని ముందే అడుగు బోల్టా బంకా అని. స్క్రూ కన్నా కొంచెం సన్న బిట్‌తో ముందు బెజ్జం వెయ్యి, లోతు కోసం బిట్‌కి టేపు చుట్టుకో, స్క్రూకి సబ్బు రాసి చేత్తో తిప్పు, డ్రిల్ మెషిన్‌తో తిప్పకు. బటన్ కింద మెత్తటి గుడ్డ వాషర్ ఒకటి. భయం వేస్తే ఆదివారం చర్చి అయ్యాక ఇటు వచ్చేయ్, నేనే వేసిస్తా, వచ్చేటప్పుడు ఆ గిటారు మాత్రం నాకు ఓ పది నిమిషాలు ఇవ్వాలి.